అక్క అరచెయ్యి, బావ కార్బురేటరు

మొన్న ఆదివారం మా మేనల్లుడు నా ఫోనుకి ఒక వీడియో పంపాడు. వాళ్ల నాన్న, అంటే మా బావ, చేపల గంపలు కట్టుకుని ఏళ్ల తరబడి భావనపాడు ఇసకలో తోలిన పాత టూ-స్ట్రోక్ మోటారు సైకిలుని విజయనగరంలో బాగు చేయించి, ఇంటికి తెచ్చి, పూజ చేసి నడిపిన ఉదయం తాలూకు వీడియో అది. అందులో బంతిపూల దండ వేసుకున్న బండి ఉంది, చక్రాల కింద నిమ్మకాయలు ఉన్నాయి, పగలగొట్టిన గుమ్మడికాయ ఉంది, మా మేనల్లుడు, వాడి స్నేహితులు, అత్తవారి వైపు చుట్టాలు, మా పేట పిల్లలు, చివరికి ఎవరిదో కుక్క కూడా ఉంది. మా అక్క లేదు. నేను మళ్లీ మొదటినుంచి చూశాను. గుమ్మంలోగాని, కిటికీలోగాని, జనం వెనకగాని ఆవిడ చీర చెంగైనా కనిపిస్తుందేమోనని వెతికాను. లేదు.

నాకు కోపం తొందరగా రాదు. గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి, గొంతు తగ్గించి మాట్లాడడమే అలవాటు. కాని ఆ వీడియో చూసిన దగ్గర్నుంచి నాలో కోపం వచ్చి కూర్చుంది, లేవడం లేదు. బావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆయన కోసం బాధపడవలసిన సమయంలో ఆయన బండి గురించి కోపం తెచ్చుకోవడం బాగుండదని నాకూ తెలుసు. అయినా ఆ బండి ఎవరి చెవితో నడిచిందో, దాని కార్బురేటరు ఎవరి చేతి కింద కుదిరిందో దగ్గరుండి చూసినవాళ్లలో ఇద్దరమే మిగిలాం, నేనూ అక్కానూ. అక్క చెప్పదు. అందుకని నేను రాస్తున్నాను.

మా బావ కుర్రతనంలోనే విశాఖ హార్బరుకి వెళ్లి మరపడవల్లో ఇంజను దగ్గర పనిచేశాడు. ఆ ఇంజను గదిలో మనిషి మాట మనిషికి వినపడదు. అక్కడ కొన్నేళ్లు గడిపినవాళ్లకి బయటికొచ్చాక కూడా వినపడదు. పెళ్లయ్యేనాటికే ఆయనకి ఒక చెవి పోయింది, రెండోది పేరుకి ఉండేది. పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. తన మాట తనకి వినపడదు కాబట్టి పెద్దగా మాట్లాడేవాడు, అందువల్ల ఆయన మెత్తని మనిషని తెలియడానికి కొత్తవాళ్లకి కొంతకాలం పట్టేది. చెవులతోపాటు హార్బరు పనీ పోయింది. ఊరికొచ్చి అక్కతో కలిసి చేపల వ్యాపారం పెట్టాడు. వ్యాపారమంటే మరేమీ లేదు, తెప్పలు ఒడ్డుకి రాగానే వేలంపాటలో చేపలు కొనడం, ఎండ ముదరకముందే వాటిని నౌపడా స్టేషనుకో, టెక్కలి బజారుకో చేర్చడం. అప్పట్లో మా ఒడ్డుకి ఐసు వచ్చేది కాదు. ఆలస్యమైతే చేప మెత్తబడుతుంది, మెత్తబడిన చేపని ఎవరూ ముట్టుకోరు.

ఒడ్డుకీ రోడ్డుకీ మధ్య ఇసక, సరుగుడు తోట, ఆపైన ఉప్పుమడుల గట్లు. సైకిలు దిగబడిపోయేది. అందుకని బావ ఎవరో వదిలేసిన టూ-స్ట్రోక్ బండి ఒకటి తెచ్చి దాని రూపమే మార్చేశాడు. వెనక చక్రానికి లోతైన గళ్ల టైరు వేశాడు, ఉప్పునీళ్లు ఎక్కకుండా సైలెన్సరు సీటు పక్కకి ఎత్తి కట్టాడు, ముందు మడ్‌గార్డు పైకి లేపాడు, హేండిలు వెడల్పు చేయించాడు, వెనక ఇనప చట్రం బిగించి రెండువైపులా గంపలు వేలాడదీశాడు. ఇలాంటిదాన్ని డర్ట్ బైక్ అంటారని ఈమధ్య మా మేనల్లుడు నాకు చెప్పాడు. విదేశాల్లో వీటితో పందేలు పెడతారట. మా పేటలో దాన్ని గంపబండి అనేవారు. ఆ పేరు గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను, దానితో పని పడుతుంది.

టూ-స్ట్రోక్ బండి సంగతి మన వయసు వాళ్లకి చెప్పనక్కర్లేదు, అయినా మరిచిపోయినవాళ్లుంటారు. దానికి పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. ఆ కలిపినదాన్ని కార్బురేటరు గాలితో చేర్చి ఇంజనులోకి పంపుతుంది. ఆయిలు ఎంత కలపాలన్నది అందరికీ తెలిసిన లెక్కే. కాని మా వాళ్లకి ఒక నమ్మకం ఉండేది, ఇంజనుకి నూనె ఎంత పోస్తే అంత మంచిదని. అది సముద్రం నేర్పిన నమ్మకం. ఒడ్డు కనపడనిచోట ఇంజను ఆగిపోతే మనిషి తిరిగి వస్తాడో రాడో తెలియదు, అందుకని పడవ ఇంజనుకి నూనె పోసేటప్పుడు ఎవరూ చెయ్యి బిగబట్టేవారు కాదు. బావ బండికీ అలాగే పోశాడు. బండి గుప్పుగుప్పున పొగ వదిలింది. పొగ చూసి అది పెట్రోలు ఎక్కువ తాగుతోందనుకున్నాడు, కార్బురేటరుకి ఉండే గాలి స్క్రూ మరికాస్త విప్పాడు. కొన్నాళ్లకి ఒక ఉదయం నిండు గంపలతో, అక్క వెనక కూర్చునుండగా, ఉప్పుమడి గట్టు మీద ఇంజను సన్నగా అరిచి, వెనక చక్రం బిగుసుకుపోయి, గంపలూ మనుషులూ మడిలో పడ్డారు. పిస్టను సిలిండరుకి పట్టేసింది.

టెక్కలిలో మెకానిక్ ఇంజను విప్పి, గీతలు పడ్డ సిలిండరు చూపించి, విడమరిచి చెప్పాడట. ఆయిలు పెరిగితే ఆమేరకు పెట్రోలు తగ్గుతుంది, దానిమీద గాలి కూడా ఎక్కువిచ్చావు, ఇంక లోపల వేడి పుట్టక ఏమవుతుంది అని. బావకి అందులో సగం అందింది. పక్కనున్న అక్కకి మొత్తం వినపడింది. ఇంటికొచ్చి మా అమ్మతో ఆవిడ అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"గంజి ఎక్కువైతే మెతుకు తగ్గిపోతాదమ్మా. కడుపు నిండినట్టే ఉంటాది, బలం ఉండదు."

అక్కకి దైవమిచ్చిన చెవి ఏదో ఉందని నేను అనను. మా నాన్న తెప్పకి మోటారు పెట్టించిన రోజునుంచి, పొద్దున్న మంచులో తెప్ప కనపడకముందే మోతని బట్టి అది మనదో కాదో చెప్పడం ఇంట్లో ఆవిడ పని, ఆ మాట మీదే అమ్మ పొయ్యి రాజేసేది. ఒడ్డున పెరిగిన ఆడపిల్లలు చాలామందికి అది వచ్చు. అక్క దాన్ని తీసుకొచ్చి బండికి పెట్టింది, అంతే. బండి పట్టేసిన రోజున ఇంజను చివర్న అరిచిన అరుపుకి ఎండుకూత అని పేరు పెట్టుకుంది. ఆ కూత మొదలవడానికి ముందే, అది రాబోతోందని ఆవిడకి తెలిసేది.

ఆ తర్వాత కార్బురేటరు సరిచేయవలసి వచ్చినప్పుడల్లా, వానలు తగ్గి గాలి మారినప్పుడో, పెట్రోలు దిగే సన్నటి జెట్టులో ఇసక రేణువు ఇరుక్కుని విప్పి కడిగినప్పుడో, వాళ్లిద్దరూ ఆ పని చేసే పద్ధతి నేనింకెక్కడా చూడలేదు. ఖాళీ బండిని స్టాండు వేసి నిలబెట్టి, స్క్రూ తిప్పి, బాగుందనుకోవడానికి అక్క ఒప్పుకునేది కాదు. రెండు గంపల్లో తడి ఇసక నింపించేది. తను వెనక గంపల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది. బావ బండిని మెత్తటి ఇసకలోంచి సరుగుడు తోట దాకా తోలేవాడు. ఆయనకి ఇంజను వినపడదు కదా, అక్క అరచెయ్యి ఆయన వీపు మీద ఉండేది. చెయ్యి తడితే గాలి ఎక్కువైంది, స్క్రూ ముయ్యాలి. కిందికి రుద్దితే పెట్రోలు ఎక్కువైంది, విప్పాలి. తోట దగ్గర ఆగి, వంగి, చిన్న స్క్రూడ్రైవరుతో ఆయన అలాగే చేసి మళ్లీ వెనక్కి తోలేవాడు. స్క్రూతో కుదరకపోతే కార్బురేటరు మూత విప్పి, లోపలున్న సూదికి పెట్టిన చిన్న క్లిప్పుని ఒక గాటు మార్చేవాడు. క్లిప్పు దిగితే సూది లేస్తుంది, పెట్రోలు ఎక్కువ దిగుతుంది. ఇలా తిరిగి తిరిగి, ఎప్పటికో అక్క చెయ్యి కదలకుండా ఆయన వీపు మీద ఊరికే ఆనుకుని ఉండిపోయేది. అప్పుడు పని అయిపోయినట్టు. ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకునేవారు కాదు.

పేటలో వాళ్లు ఊరుకుంటారా. వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న మొగాళ్లు ఆయన్ని ఆపి, చేతులు తిప్పి మరీ అడిగేవారు.

"ఏటి బావా, బండి నువ్వు తోలతన్నావా, మా అక్క తోలతందా?"

బావ ఒడ్డంతా వినపడేలా జవాబు చెప్పేవాడు.

"హేండిలు నాది, సెవి ఆవిడిది. నీ ఇంట్లో నీదేటో, మీ ఆవిడిదేటో ఎల్లి అడుక్కో."

నాకు బొబ్బిలిలో కొత్తగా ఉద్యోగమైన రోజుల్లో, సెలవులకి వస్తే బావ నౌపడా స్టేషనుకి వచ్చి ఆ బండి మీదే నన్ను తీసుకెళ్లేవాడు. ఒకసారి గట్టు మీద మలుపు తిరుగుతుంటే భయం వేసి ఆయన వీపు గట్టిగా పట్టుకున్నాను, నాలుగుసార్లు తట్టాను కూడా. ఆయన వెంటనే బండి ఆపి, దిగి, స్క్రూ ముయ్యడం మొదలుపెట్టాడు. నేను వద్దని చేతులూపితే అది విప్పమని కాబోలనుకుని మళ్లీ విప్పాడు. ఇంటికి చేరేసరికి బండి దగ్గుతూ, మూలుగుతూ, ప్రతి మలుపు దగ్గరా ఆగిపోతూ వచ్చింది. అక్క దూరాన్నుంచే విని, ఎదురొచ్చి, నన్ను ఇకమీదట వెనక కూర్చున్నప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమంది. బావ నవ్వి నవ్వి ఇసకలో కూలబడ్డాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు.

తర్వాత రోడ్డు ఒడ్డు దాకా వచ్చింది, ఐసు వచ్చింది, వ్యాన్లు వచ్చాయి. మా మేనల్లుడు చేతికి అందివచ్చి అవే వ్యాన్లు నడిపి, విజయనగరంలో స్థిరపడ్డాడు. గంపబండి తాటాకుల పాక కింద చేరి ఉప్పుగాలికి తుప్పు పట్టింది. బావ దాన్ని అమ్మనిచ్చేవాడు కాదు, తోలేవాడూ కాదు. పోయిన ఆషాఢంలో ఆయన వెళ్లిపోయాడు.

మేనల్లుడి ప్రేమ మీద నాకు అనుమానం లేదు. తండ్రి పోయిన దుఃఖంలో వాడికి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది, ఆ తుప్పుముద్దని తీసుకెళ్లి నెలల తరబడి బాగు చేయించాడు. ఆ మెకానిక్ కూడా పనివాడే. దొరకని సామాను ఎక్కడెక్కడో వెతికి తెచ్చాడు. సిలిండరుని లోపల చివరి సైజు దాకా బోరు కొట్టి వెడల్పు చెయ్యవలసి వచ్చిందనీ, అంతకంటే పెద్ద పిస్టను ఇక దొరకదనీ, ఈసారి పట్టేస్తే బండిని బొమ్మలా చూసుకోవడమేననీ ముందే చెప్పాడు. తెచ్చిన రోజున తానూ వెంట వచ్చాడు.

వాకిట్లో పూజకి సిద్ధం చేశారు. ఖాళీ గంపలకి కూడా బంతిపూలు చుట్టారు. అప్పుడు మా మేనల్లుడి అత్తగారు అక్క దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, దాదాపు గుసగుసగా, ఏడాది కూడా తిరగలేదు కదా వదినగారూ, బండి శుభమా అని కదిలేదాకా మీరు కాస్త లోపల కూర్చుంటే బాగుంటుంది అంది. ఆవిడ ఒక్కతే అని ఉంటే నేనింతగా బాధపడకపోదును. మా పేట ఆడవాళ్లు, వేలంపాటలో ఎవరి వంతు కోసం అక్క నిలబడి తగవాడిందో, వాళ్లే ముందు తలలూపారు. మేనల్లుడు హేండిలు తుడుస్తూ విననట్టే ఉన్నాడు. అక్క లేచి, పాత వలలూ ఐసుపెట్టెలూ పడేసిన వెనక గదిలోకి వెళ్లి కూర్చుంది.

ఇది మా ఆచారమని ఎవరూ నాకు చెప్పకండి. మా తాత సముద్రం మీదనుంచి తిరిగి రాని యేడు, కర్మ పూర్తయిందో లేదో, మా నాయనమ్మ గంప నెత్తినెత్తుకుని నౌపడా వెళ్లింది. పొద్దున్నే గుమ్మంలోకొచ్చిన ఆ ముఖం చూసి ఎవరూ తలుపు వెయ్యలేదు. బేరమాడారు, తూకం దగ్గర తిట్టారు, రేపు రమ్మన్నారు. పట్టింపులు మాకూ లేకపోలేదు. పడవని నీళ్లలోకి దింపేటప్పుడు ఎవరు ఎదురు రావాలి, ఎవరు రాకూడదు అన్నవి ఉండేవి, వాటికీ నేను దణ్ణం పెట్టను. కాని అవి పడవ దగ్గర ఆగిపోయేవి. గంప దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు, రానిస్తే పిల్లలకి కూడు ఉండేది కాదు. ఇప్పుడు కూడుకి లోటు లేదు, అందుకని పట్టింపు కొనుక్కున్నాం. మేడ కట్టుకున్నట్టే, టైల్సు వేసుకున్నట్టే, ఇదీ ఒక గౌరవమనుకున్నాం.

నేను కూడా వాకిట్లోంచి లేచి వెనక గదిలో అక్క పక్కన ఐసుపెట్టె మీద కూర్చున్నాను. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు, నిమ్మకాయలు చితికిన చప్పుడు, తర్వాత కిక్కు కొట్టిన చప్పుడు వినపడ్డాయి. బండి లేచింది. చప్పట్లు కొట్టారు. నా చెవికి బాగానే ఉంది. అక్క తల వంచుకుని వింటోంది. మేనల్లుడు స్నేహితుణ్ణి వెనక ఎక్కించుకుని ఇసకలోకి దిగాడు. కాస్త దూరం పోయాక మోత సన్నబడి, కీచుమని, ఆగిపోయింది. తోసుకుని వచ్చారు. పొగ ఎక్కువగా ఉందని ఎవరో అన్నారు. మెకానిక్ గాలి స్క్రూ కాస్త విప్పాడని తర్వాత తెలిసింది. మళ్లీ లేపారు, మళ్లీ దిగారు, ఈసారి కీచు ఇంకా ముందే వచ్చింది.

నేను అక్క వైపు చూశాను. ఆవిడ ముఖంలో ఏమీ లేదు. ఒళ్లో ఉన్న కుడి అరచెయ్యి మాత్రం ఆవిడ మోకాలిని తడుతోంది. ముయ్యి, ముయ్యి అని. ఆ చెయ్యి అలా చేస్తున్నట్టు ఆవిడకి తెలుసునో లేదో.

అక్కా, లేచి రా అన్నాను. పిల్లల ముచ్చటరా, సెడగొట్టకు అంది. బయట మళ్లీ కిక్కు కొడుతున్నారు. ఒకసారి పట్టేస్తే ఇక పిస్టను లేదట అని చెప్పాను. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నావైపు ఒకసారి చూసి, చీర చెంగు నడుముకి దోపి, తలుపు తీసుకుని వాకిట్లోకి నడిచింది.

మేనల్లుడి అత్తగారు అడ్డం రాబోయింది. అక్క ఆవిడ ముందు ఆగింది. కోపంగా కాదు, కూర చిట్కా చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఎదురొస్తే గదా తప్పు, వదినా. ఈ బండికి నానెప్పుడూ ఎదురు రానేదు. ఎనకాలే కూకున్నాను. ఇప్పుడూ ఎనకాలే కూకుంటాను. అయినా ఇది పడవేటి? గంప."

అని ఇల్లు చుట్టి వెనకనుంచి వచ్చి, బండి వెనక నిలబడింది. ట్యాంకు మూత తీయించి వాసన చూసింది. ఆయిలు ఎవరు పోశారని అడిగింది. మెకానిక్ తాను సరిగ్గానే కలిపానన్నాడు. మేనల్లుడు అప్పుడు నెమ్మదిగా, కొత్త బోరు కదా అని పొద్దున్న తానే ఇంకొంచెం పోశానని ఒప్పుకున్నాడు. నాన్న అలాగే పోసేవాడు కదా అన్నాడు. వాడు పుట్టకముందు వాళ్ల నాన్న చేసిన తప్పు, ఎవరూ నేర్పకుండానే వాడి చేతికి వచ్చింది. అక్క ముఖం మొదటిసారి కదిలింది.

"మీ నాన్న అలాగ పోసి నన్ను ఉప్పుమడిలో పడేసినాడు. పొగ సూసి మోసపోకండి నాయనా. గంజి ఎక్కువైంది, మెతుకు తగ్గింది. ముందు ఆ పూలు తీసీసి గంపల్లో ఇసక పొయ్యండి. ఖాళీ గంపలేసుకుంటే బండి నిజం సెప్పదు."

ఆ ఆయిలు సంగతి తెలియగానే మెకానిక్‌కి అంతా అర్థమైంది. మారు మాటాడకుండా ట్యాంకు ఖాళీ చేసి, కొత్తగా కలిపి పోసి, తాను విప్పిన స్క్రూ మూసి, సూది క్లిప్పు ఒక గాటు దించాడు. గంపల్లో తడి ఇసక నింపారు. మేనల్లుడు ఎక్కాడు, అక్క వెనకనుంచి ఎక్కి వాడి వీపు మీద చెయ్యి వేసింది. వాడికి చెవులు బాగానే వినపడతాయి, చెబితే సరిపోతుంది. ఆవిడకి చెయ్యే అలవాటు, అందుకని బయల్దేరేముందు ఒక్కసారి చెప్పింది.

"తడితే ముయ్యి. రుద్దితే విప్పు. ఊరుకుంటే ఎల్లిపో."

సరుగుడు తోట దాకా వెళ్లారు, ఆగారు, వచ్చారు, మళ్లీ వెళ్లారు. దూరాన వాడు వంగి స్క్రూ తిప్పడం కనపడుతోంది. మూడో మారో నాలుగో మారో మోత మారింది. కీచు పోయి, లావుగా, నిండుగా, బరువుని మోస్తున్న మోత. నేను నౌపడా స్టేషనులో దిగి చెవులు రిక్కించి విన్న మోత అదే. తోట దాటి కనపడకుండా పోయారు. చాలాసేపటికి తిరిగి వచ్చారు. మేనల్లుడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇసక పడిందన్నాడు.

ఇంతదాకా బాగానే ఉంది, ఇంక కోపమెందుకంటారేమో. అక్క దిగగానే అందరూ నవ్వారు, మెచ్చుకున్నారు, వెనకాల కూకుంటానని భలే అన్నావమ్మా అన్నారు. మేనల్లుడి అత్తగారు కూడా నవ్వింది. ఎందుకు నవ్వరు, వాళ్ల పట్టింపు వాళ్లకి దక్కింది. ముఖం ఎదురు రాకుండానే పని జరిగిపోయింది. తనని లోపల కూర్చోబెట్టినవాళ్లకి చిన్నతనం కలగకుండా తను బయటికి రావడానికి దారి కూడా అక్కే వెతుక్కోవలసి వచ్చింది. తన బండి దగ్గరికి ఇల్లు చుట్టి రావలసి వచ్చింది. దానికి చప్పట్లు. కారణం చెప్పకుండా తిన్నగా నడిచి రాగలిగి ఉంటే నేనూ కొట్టేవాణ్ణి.

ఆ తర్వాత ఈ వీడియో. అక్క రాకముందు తీసినదంతా ఉంచారు, వచ్చాక తీసినది వదిలేశారు. మేనల్లుణ్ణి ఫోనులో అడిగాను. పూలు తీసేశాక, గంపల్లో ఇసక పోశాక అంత అందంగా రాలేదు మావా అన్నాడు. తర్వాత, మా అత్తగారు వాళ్లు కూడా ఏడాది అయ్యేదాకా అమ్మని అందరికీ చూపించొద్దన్నారు అన్నాడు. అబద్ధమాడలేదు, అందుకు సంతోషించాను. అంతకంటే సంతోషించడానికి ఏమీ దొరకలేదు.

నిన్న భావనపాడు వెళ్లి అక్కకి ఫోను ఇచ్చాను. ఆవిడ బొమ్మ చూడలేదు. ఫోనుని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. చప్పట్లు, కిక్కు, ఇంజను, అన్నీ విన్నది. తర్వాత ఫోను నా చేతికిచ్చేసింది.

"ఇది నాను ముయ్యకముందుదిరా. ఎండుకూత. ఇది మీ బావ బండి కాదు." కాసేపు బయట ఇసక వైపు చూసి, "మీ బావకి ఇనపడదు గాబట్టి సరిపోయింది" అంది.

బండి ఇప్పుడు విజయనగరంలో మేనల్లుడి ఇంటి ముందు వరండాలో ఉంది, గంపలు ఖాళీ, వాటిలో ప్లాస్టిక్ పూలు. చూడడానికి జనం వస్తున్నారట. మేం నడిచిన ఇసకలో సగం సముద్రం తీసుకుంది, మిగిలినదాంట్లో చాలా భాగం మీద సిమెంటు రోడ్డు పడింది, గంప నెత్తినెత్తుకునే మనిషి మా పేటలో లేదు. ఇవన్నీ మారినందుకు నాకు చింత లేదు, ఆ బరువు మోసినవాళ్లెవరూ మళ్లీ మొయ్యాలని కోరుకోరు. పడవ దగ్గర ఆగిపోయే పట్టింపు ఎప్పుడు ఒడ్డెక్కి, రోడ్డెక్కి, గంప దాకా వచ్చిందో, మనలో ఎవరూ ఎందుకు చూడలేదో, అదే నాకు తెగడం లేదు. నేను తిరిగి వచ్చేసేటప్పుడు అక్క అరుగు మీద కూర్చుంది. అరచెయ్యి పక్కన ఖాళీ అరుగు మీద ఆనించి ఉంది. కదలడం లేదు. ఆ చెయ్యి కదలకుండా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనని అనుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి.